గుర్రానికీ చెల్లికీ మధ్య చెక్కగోడ

మా చెల్లి ఆ ట్రెయిలర్‌ని పికప్ వెనకాల తగిలించుకుని లాక్కొచ్చి మా షెడ్డు ముందు ఆపేసరికి నేను ఎవరిదో వంటింటి అలమరాకి తలుపులు బిగిస్తున్నాను. బయటికొచ్చి చూస్తే సగం రోడ్డు మూసేస్తూ ఒక పెద్ద తెల్లటి డబ్బా. తెలుపు అని మర్యాదకి అంటున్నాను. రంగు పెచ్చులూడి, చక్రాల పైభాగమంతా తుప్పు పట్టి, వెనక తలుపు మీద బురద ఎండి అట్టలు కట్టి ఉంది. చెల్లి దిగి, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ నవ్వింది.

"అన్నియ్యా, ఇందులో నాకు ఇల్లు కట్టి ఇయ్యాల లా."

"ఇందులోనా? ఇది గుర్రాల్ని తోలే బండి కాదేటి?"

"సగం దానికి, సగం నాకు."

"దానికి" అంటే గుర్రానికి. చెల్లి నోట ఆ మాటకి ఇంకో అర్థం లేదు.

మాది మలేసియాలో బంటింగ్ అనే ఊరు; మాట చివర "లా" తగిలించడం ఇక్కడందరికీ అలవాటు. మా ముత్తాతలు విశాఖపట్నం అవతలి పల్లెల నుంచి ఓడెక్కి రబ్బరు తోటల్లో కూలికి వచ్చినవాళ్లు. మా అమ్మ కూడా ఆ తోటల్లోనే రబ్బరు పాలు గీసి మమ్మల్ని పెంచింది. నేను పెద్దయ్యేసరికి ఆ తోటలు పోయి, ఆ నేల మీద పామాయిలు చెట్లూ, ఫ్యాక్టరీలూ, ఇళ్ల వరసలూ లేచాయి. నేను వడ్రంగం నేర్చుకున్నాను. ఊరి చివర రేకుల షెడ్డులో అలమరాలూ, మంచాలూ, దేవుడి గూళ్లూ చేస్తుంటాను. నాన్న పోయిన దగ్గర్నుంచి అమ్మ, మా ఆవిడా నేనూ ఉండే ఇంట్లోనే ఉంటోంది. తెలుగు చదవడం, రాయడం మాకు నేర్పింది నాన్నే. నాకు అబ్బింది. చెల్లికి అబ్బలేదు.

చెల్లికి అబ్బినవి గుర్రాలు. బడి చదువు అయిపోగానే, క్లాంగ్ పట్నం దాటాక ఉన్న ఒక గుర్రపుస్వారీ క్లబ్బులో లద్దె ఎత్తే పనికి చేరింది. నాలుగు రోజులు చేసి మానేస్తుందిలే అనుకున్నాం. మానలేదు. లద్దె ఎత్తడం నుంచి మేత పెట్టడానికీ, ఒళ్లు తోమడానికీ, చివరికి పిల్లలకి స్వారీ నేర్పడానికీ ఎదిగింది. మేం పెళ్లి మాట ఎత్తినప్పుడల్లా ఏదో ఒక గుర్రానికి జబ్బు చేసేది. కొన్నాళ్లకి మేమే ఆ మాట ఎత్తడం మానేశాం.

ఆదివారాలు ఇంటికి వచ్చేది. అమ్మ తెలుగులో అడిగేది, చెల్లి బడిలోనూ పనిలోనూ అలవాటైన అరవంలో జవాబు చెప్పేది. నాతో సగం అరవం, సగం తెలుగు; ఆ అరవాన్ని ఇక్కడ నేను తెలుగు చేసి రాస్తున్నాను.

"తిన్నావేటే?"

"సాప్టాచ్చుమా."

"పని ఎలగున్నాది?"

"ఓకే లా."

అంతటితో ఇద్దరికీ మాటలు అయిపోయేవి. తర్వాత ఇద్దరూ కూర్చుని టీవీ చూసేవాళ్లు. చెల్లి వెళ్లిపోయాక అమ్మ నాతో, "దీని నోట్లో మన మాట అరిగిపోనాదిరా," అనేది. కోపం ఉండేది కాదు ఆ గొంతులో. పాత చెప్పులు అరిగిపోయాయని చెప్పినట్టే చెప్పేది. మా చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లన్నిట్లోనూ అదే కథ కాబట్టి నేనూ పెద్దగా పట్టించుకోలేదు.

పోయినేడు ఆ క్లబ్బు స్థలం ఇళ్లు కట్టేవాళ్ల చేతికి వెళ్లిపోయింది. గుర్రాలన్నీ తలో చోటికీ చేరాయి. ఒక ముసలి ఆడగుర్రాన్ని మాత్రం ఎవరూ అడగలేదు. అది వయసులో ఉండగా పందేల్లో పరిగెత్తి, కాలు దెబ్బ తిని క్లబ్బుకి వచ్చింది. దాని కాలికి కట్లు కట్టి, పగ్గం పట్టుకుని రోజూ కొంచెం కొంచెం నడిపించి, మళ్లీ మామూలుగా నిలబెట్టింది మా చెల్లి. క్లబ్బు యజమానురాలు ఒక చైనా పెద్దావిడ. "అది ఎప్పుడో నీదైపోయింది, నువ్వే తీసుకుపో," అని గుర్రాన్నీ, దాంతోపాటు గడ్డిలో పడి ఉన్న ఈ ట్రెయిలర్‌నీ చెల్లికి ఇచ్చేసింది. ఊరి బయట ఒక మలాయ్ రైతు తన కొబ్బరితోటలో గుర్రానికి పాక వేసుకోనిచ్చాడు.

చెల్లి క్లబ్బులో ఉండగానే ఇంకో పని మొదలుపెట్టింది. కాళ్లు సరిగ్గా రాని పిల్లలూ, మాట రాని పిల్లలూ ఉండే బడులకి ఈ ముసలిదాన్ని తీసుకెళ్లేది. పిల్లలు దాన్ని ముట్టుకునేవాళ్లు, దాని ఒంటికి బ్రష్షు పట్టేవాళ్లు, కొందరు దాని మీద కూర్చుని మెల్లగా చుట్లు తిరిగేవాళ్లు. అంత ఓర్పు ఉన్న గుర్రం ఇంకోటి లేదట. ఇప్పుడు దూరపు ఊళ్ల నుంచి కూడా పిలుపులు వస్తున్నాయి. పొద్దున్న వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలంటే ముసలి ఒళ్లు తట్టుకోదు. అలాగని తెలియని చోట ఒంటరిగా కట్టేస్తే మేత ముట్టదు. అందుకే ఈ బండి. వెనక భాగంలో గుర్రం నిలబడాలి. ముందు భాగంలో చెల్లి పడుకోవాలి, టీ పెట్టుకోవాలి, బట్టలు సర్దుకోవాలి.

నేను లోపలికి ఎక్కి చూశాను. ముందు గదిలో మంచం పట్టేంత జాగా ఉంది, ఇంకా కొంచెం మిగులుతుంది. గుర్రం భాగానికీ గదికీ మధ్య రేకు గోడ. గుర్రం ఎక్కి నిలబడితే దాని తల ఈ గోడ వైపే ఉంటుంది. నేలంతా ఎండుగడ్డి, లద్దె, పాత తోలు కలిసిన వాసన. నాకు కళ్లు మండాయి. చెల్లి మాత్రం సొంతింటికి వచ్చినట్టు గోడకి ఆనుకుని నిలబడింది.

"బరువు లేకుండా సెయ్యి అన్నియ్యా. గుర్రమే పెద్ద బరువు. పికప్ లాగాల కదా."

నేను ఇన్నేళ్లూ చేసినవన్నీ గోడకి కొట్టి కదలకుండా ఉండేవి. కదిలే ఇంటికి కలప ఎంచడం నాకూ కొత్తే. గతుకుల్లో ఊగినా కీళ్లు వదలకూడదు. మన వాన తేమకి ఉబ్బకూడదు. మధ్యాహ్నం ఎండలో రేకు డబ్బా పొయ్యిలా కాలుతుంది, దానికీ ఓర్చుకోవాలి. పైగా పక్కనే గుర్రం. అది దొరికిందల్లా నాకుతుంది, కొరుకుతుంది.

ఆ వారంలోనే ఇద్దరం క్లాంగ్ దారిలో ఉన్న కలప అడితికి బయల్దేరాం. తమలపాకులు కొనుక్కోవాలని అమ్మ కూడా పికప్ ఎక్కింది. తమలపాకులు బంటింగ్‌లోనూ దొరుకుతాయి. కానీ మేమిద్దరం కలిసి ఎక్కడికైనా వెళ్లి చాలా కాలమైంది, అందుకే వచ్చిందని తర్వాత నాకు అర్థమైంది.

అడితి ఆయన నాకు పాత పరిచయం. ముందు చెంగల్ చూపించాడు. చెదపురుగు ముట్టని చెక్క, ఇనుములా ఉంటుంది. నాకు దాన్ని ముట్టుకుంటేనే ప్రాణం లేచొస్తుంది. కానీ ఒక పలక ఎత్తేసరికే ఆయనా నేనూ మూలిగాం. దీంతో చేస్తే బండి ఇక్కడే పాతుకుపోతుందని ఆయన నవ్వాడు.

తర్వాత ఒక మూల నుంచి గోనె తీసి ఇంకో పలక చూపించాడు. రెంగాస్. ఎర్రటి ఒంటి మీద నల్లటి చారలు. వెలుగులోకి తెచ్చేసరికి లోపల్నుంచి దీపం పెట్టినట్టు మెరిసింది. చెల్లి దాని పక్కన చతికిలబడిపోయింది.

"అన్నియ్యా, అచ్చం దాని రంగే లా. నీల్లు పోసి తోమినాక ఇలగే ఉంటాది."

నాకూ మనసు పడిపోయింది. మంచం తలవైపు దీన్ని పెట్టి, అలమరా తలుపులకి అంచులు కట్టి, ఇలా లోపల్లోపల గీసుకుంటున్నాను. మెట్లెక్కలేక అమ్మ బండిలోనే కూర్చుంది కదా, చూపిద్దామని ఒక ముక్క పట్టుకెళ్లాను. అమ్మ చెయ్యి చాపబోయి, ఒక్కసారిగా వెనక్కి లాక్కుంది.

"పారేయ్! పారేయ్‌రా దాన్ని! రెంగాస్ కాదేటి అది?"

"ఔనమ్మా. ఎండిపోయిన సెక్కే, ఏటీ కాదు."

"ఏటీ కాదా? తోట గట్టు మీద ఒక సెట్టుండీది. మీ నాన్న తెలీక దాని కొమ్మ నరికినాడు. మొగం గుమ్మడికాయలాగ ఉబ్బిపోనాది. కళ్లు తెరుసుకోలేక నా సెయ్యి పట్టుకుని ఆసుపత్రికొచ్చినాడు."

ఆ చెట్టు పాలు ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతాయని నాకూ తెలుసు. బాగా ఆరిన చెక్కతో చాలామందికి ఇబ్బంది ఉండదు, కొందరికి దాని పొడి తగిలినా దురద వస్తుంది. ఆ సంగతే చెప్పబోయాను.

"గుర్రం నాకదేటి దాన్ని?" అంది అమ్మ. "నోరు లేనిది. దురదొస్తే ఎవులికి సెప్పుకుంటాది?"

చెల్లి అమ్మ ముఖంలోకి చూసింది. అమ్మ ఆ గుర్రం గురించి తనంత తానుగా మాట్లాడడం అదే మొదటిసారి. "గుర్రాల పిచ్చి" అనే మాట తప్ప అంతకుముందు అమ్మ నోట దాని ఊసే రాలేదు. చెల్లి నా చేతిలోంచి ఆ ముక్క తీసుకెళ్లి, ఉన్నచోట పెట్టేసి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చింది.

అడితి ఆయన చెప్పిన మూడో సంగతి రబ్బరు చెక్క. పాలు ఇచ్చి ఇచ్చి ముసలిదైపోయిన చెట్లని కొట్టేసి, పురుగు పట్టకుండా మందు పెట్టి, ఆరబెట్టి పలకలు చేస్తారు. ఈ దేశంలో సగం కుర్చీలూ బల్లలూ దాంతోనే చేస్తారు. తడి తగలని చోట వాడితే మంచి చెక్క. నేనూ ఎన్నో మంచాలు చేశాను దాంతో. కానీ ఇంట్లో వాడలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అమ్మ తెల్లవారుజామున తలకి దీపం కట్టుకుని తోటకి పోవడం, దోమలు, గట్టిపడిన పాలు అంటుకుని వాసన కొట్టే చీర, ఇవన్నీ చూసి పెరిగాం.

చెల్లి తల అడ్డంగా ఊపింది. "రబ్బరు వొద్దు లా. అమ్మకి..." అని ఆగిపోయింది.

"ఏటి నాకు?" అని బండిలోంచే అరిచింది అమ్మ. "తే, సూద్దాం."

పలక తెచ్చి ఒళ్లో పెట్టాను. అమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది. వేలితో పొడుగునా రాసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇదా? గొడ్డలితో సీల్సి పొయ్యిలో పెట్టీవోళ్లం. ఇంత నున్నగా, ఇంత తెల్లగా ఉంటాదని తెల్దు. ఎంతసేపూ దాని తోలు గీసుకుంటా బతికినాను."

పలకని ఒళ్లోనే ఉంచుకుంది.

"దీని కాడ నిలబడి నిలబడి మోకాళ్లు పోనాయి. ఒకపాలి దీని మీద పడుకుంటే ఎలగుంటాదో."

అంతే, మంచం సంగతి తేలిపోయింది. చెల్లి నా వైపు చూసి తలూపింది. ఆ పలకల్ని బండిలోకి ఎత్తుతుంటే, ఒక్కోదాన్నీ తనే ఎంచి, ముడులు లేనివి ఏరి, మంచానికని పక్కన పెట్టింది.

పని మొదలుపెట్టాను. మంచం, మంచం కింద సొరుగులు, కిటికీ పక్కన చిన్న అలమరా రబ్బరు చెక్కతో చేశాను. బరువు తగ్గించడానికి మంచం అడుగున పలకలకి బదులు బద్దలు పరిచాను. కీళ్లలో జిగురూ మరలూ రెండూ వేశాను. ఇక మధ్య గోడ. రేకుని అలాగే ఉంచి, గది వైపు మందంగా ఫోము పరిచి, దాని మీద ప్లైవుడ్, పైన తెల్లటి నున్నని రేకులాంటి పూత. గుర్రం వాసన రాదు, గిట్టల చప్పుడు వినబడదు, తుడిస్తే శుభ్రం. మా చెల్లి ఇన్నేళ్లూ గుర్రపుశాల పక్క గదుల్లో పడుకుంది, ఇప్పుడైనా హాయిగా నిద్రపోనీ అనుకున్నాను. పూర్తయ్యాక చెల్లి వచ్చి గోడ మీద వేళ్లతో తట్టి చూసింది. చప్పుడు లోపలే ఇంకిపోయింది.

"బాగుంది అన్నియ్యా," అంది. ఆ గొంతు నాకు పూర్తిగా నచ్చలేదు గానీ, అలసిపోయి ఉంటుందని సరిపెట్టుకున్నాను.

గుర్రాన్ని ఒకసారి ఎక్కించి, అలవాటు చేద్దామని ఒక మధ్యాహ్నం ట్రెయిలర్‌ని కొబ్బరితోటకి తీసుకెళ్లాం. ముసలిది బుద్ధిగా ఎక్కింది. నేను దాన్ని అంత దగ్గరగా చూడడం అప్పుడే. నుదుటి మీద తెల్లటి మచ్చ, కళ్ల పైన గుంటలు, గడ్డం మీద నెరిసిన వెంట్రుకలు. చెల్లి దాని ముందు గడ్డి వల వేలాడదీసి, ముందు గదిలోకి వెళ్లి మంచం మీద పరుపు సర్దుకుంటోంది. నేను బయట మెట్టుకి మర బిగిస్తున్నాను. ఆకాశం నల్లబడింది. రోజూ మధ్యాహ్నం వచ్చే వానే కదా అని నేను లేవలేదు.

ఒక్కసారిగా పిడుగు పడినట్టు ఉరిమింది. కొబ్బరాకులు ఈడ్చి కొట్టాయి. వాన రేకు మీద పడేసరికి డబ్బా మొత్తం మోగిపోయింది. లోపల గుర్రం గిట్టలతో నేలని తన్నడం మొదలుపెట్టింది. బండి ఊగింది. తెరిచి ఉన్న పక్క కిటికీలోంచి దాని కళ్లలో తెలుపు కనిపించింది నాకు. ముందు గదిలోంచి చెల్లి గోడని బాదుతూ పిలుస్తోంది, ఆ పిలుపు అటువైపుకి చేరడం లేదు. నా ఫోము దాన్ని మింగేస్తోంది. గుర్రం ఇంకా గట్టిగా సకిలించింది.

చెల్లి గదిలోంచి వానలోకి దూకి, చుట్టూ పరిగెత్తి, పక్క తలుపు తీసుకుని గుర్రం దగ్గరికి ఎక్కింది. నేను వెనకాలే వెళ్లి ఆ తలుపు దగ్గర తడుస్తూ నిలబడ్డాను. చెల్లి దాని మెడ చుట్టూ చెయ్యి వేసి, చెంప దాని దవడకి ఆనించి మాట్లాడుతోంది.

"ఏటే పిల్లా, ఏటైనాదే? వానే కదే. రోజూ వొచ్చీదే కదే. నానిక్కడే ఉన్నాను కదే, నిన్నొగ్గేసి ఎక్కడికెల్తాను? గమ్మునుండు, బేగి తగ్గిపోద్ది. నువ్వు గడ్డి తినేసి పడుకుందువు గాని, సరేనా? నా బంగారుతల్లివి కదూ. ఓలమ్మ, ఎలగ కొట్టుకుంటున్నాదో సూడు గుండి..."

అది అమ్మ భాష. "ఒగ్గేయడం", "బేగి", "ఓలమ్మ", అన్నీ ఉన్నాయి. చిన్నప్పుడు మాకు జ్వరాలొస్తే అమ్మ ఒళ్లో పెట్టుకుని ఏ గొంతుతో మాట్లాడేదో అదే గొంతు. ఒక్క అరవం ముక్క లేదు, ఒక్క "లా" లేదు. గుర్రం చెవులు ముందుకి తిప్పింది. తల దించి చెల్లి భుజం మీద పెట్టింది. కాళ్లు ఆగాయి.

వానలో ఉన్నాను కాబట్టి ముఖం తుడుచుకోనవసరం లేకపోయింది.

వాన తగ్గాక ట్రెయిలర్ మెట్టు మీద కూర్చున్నాం. తువ్వాలుతో తల తుడుచుకుంటున్న చెల్లిని అడిగాను.

"నీకు మన మాట ఇంత బాగా వొచ్చేటే?"

చెల్లి సిగ్గుపడింది. ఆ వయసులో మనిషి అంత సిగ్గుపడడం చూడలేదు నేను.

"క్లబ్బులో అందరికీ తమిళ్ తెలుసు, మలాయ్ తెలుసు, ఇంగ్లీషు తెలుసు. తెలుగు ఎవులికీ తెల్దు. దీనికి ఏటి సెప్పుకున్నా ఎవులికీ అర్తం కాదు. ఏడ్సినా, ఎవుల్ని తిట్టినా. అలగ అలవాటైపోనాది."

"మరి అమ్మతో?"

"అమ్మతో అంటే తప్పులొస్తాయి లా. సిన్నప్పుడు నాన్న దిద్దీవోడు, నువ్వు నవ్వీవోడివి." ఇక్కడ నన్ను మోచేత్తో పొడిచింది. "ఇది దిద్దదు, నవ్వదు. దీనికి నా మాటే తెలుగు."

మర్నాడే ఆ గోడ పీకేశాను. ఫోము ముక్కలు ముక్కలుగా ఊడొస్తుంటే షెడ్డు బయట తెల్లటి కుప్ప పడింది. గుర్రం ఛాతీ దాకా కింది భాగం గట్టిగానే ఉండాలి, అక్కడ రేకుని వదిలేశాను. పైభాగంలో రేకుని కోసి తీసేశాను. అక్కడ ఏం పెట్టాలి? మాట పోవాలి. గాలి పోవాలి. గడ్డి దుమ్ము చెల్లి పక్క మీద రాలకూడదు. గుర్రం మూతి పెట్టినా ఇరుక్కోకూడదు.

పాత మలాయ్ ఇళ్ల కిటికీలకి వాలుగా అమర్చిన బద్దలు ఉంటాయి, గాలికి. అలాంటివి చేద్దామనుకున్నాను. వాటికి మెరంతి అనే చెక్క ఎంచుకున్నాను. మరీ బరువు లేదు, మరీ మెత్తన కాదు, లేత ఎరుపు. రెంగాస్ అంత అందం లేదు. చెల్లి ఆ రంగు చూసి, "ఒళ్లు తోమనప్పుడు ఇలగుంటాది," అని ఒప్పుకుంది. పురుగుమందు పెట్టని పలకలు ఏరాం. ఏ వార్నిషూ వద్దనుకున్నాం. తేనెమైనం రుద్దితే చాలు, నాకినా ప్రమాదం లేదు.

బద్దల మందం తేల్చడానికి కొబ్బరితోటకే వెళ్లాం. నేను మందంవీ పలచనివీ నాలుగైదు బద్దలు చట్రంలో బిగించి, గుర్రం ముందు పట్టుకున్నాను. చెల్లి నా వెనక కనబడకుండా నిలబడి, మామూలు గొంతుతో ఏదో ఒకటి చెప్పేది. నేను గుర్రం చెవులు చూసేవాణ్ణి. మందపు బద్దలు దగ్గరగా ఉంటే చెవులు అటూ ఇటూ వెతికేవి. కొంచెం పలచబరిచి, మధ్య సందు పెంచేసరికి రెండు చెవులూ ఒక్కసారి ముందుకి తిరిగి అలాగే నిలిచిపోయాయి. "ఇదే," అన్నాను. చెల్లి వెనకనుంచి గుసగుసగా, "పిల్లా, ఇదేనంట," అంది. గుర్రం ముక్కుపుటాలు ఎగరేసి బద్దల సందుల్లోంచి నా చేతుల మీద వేడిగా ఊపిరి వదిలింది.

బద్దల అంచులు గుండ్రంగా, పేళ్లు లేవకుండా రుద్దాలి. అది ఓపిక పని. అమ్మ తనే అడిగి తీసుకుంది. షెడ్డు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, ఒళ్లో గుడ్డ పరుచుకుని, గరుకు కాగితంతో ఒక్కో బద్దా రుద్దేది. రుద్ది, చెంపకి ఆనించి చూసుకునేది. చెంపకి గీసుకోకపోతేనే పక్కన పెట్టేది. ఒకరోజు అలా రుద్దుతుండగా, గోడ ఎందుకు మార్చానో చెప్పాను. వానలో విన్న మాటలన్నీ, తర్వాత మెట్టు మీద చెల్లి అన్నవీ, నాకు గుర్తున్నంతవరకూ, విన్నట్టే చెప్పాను.

అమ్మ చెయ్యి ఆగలేదు. చాలాసేపు రుద్దుతూనే ఉంది. ఆ బద్ద అప్పటికే నున్నగా అయిపోయింది.

"నిన్నొగ్గేసి ఎక్కడికెల్తాను అన్నాదా?"

"ఆ."

"గుర్రంతోనా?"

"గుర్రంతోనే."

"మరి నాతో మాటాడితే తప్పులొస్తాయని భయమా దానికి?" కొంగుతో బద్ద మీద పొడి తుడిచింది, తర్వాత అదే కొంగుతో కళ్లు. "నా అరవం మాత్రం ఏటి తిన్నగున్నాదా? బజార్లో ఎవులు నవ్వినారు?"

ఆ ఆదివారం చెల్లి వచ్చినప్పుడు అమ్మ చీర మార్చుకుని సిద్ధంగా ఉంది. "పద, నీ గుర్రాన్ని సూపించు," అంది. కొబ్బరితోటలో చెల్లి చెయ్యి పట్టుకుని గట్టు దాటింది. ఇన్నేళ్లలో అమ్మ గుర్రం దగ్గరికి రావడం అదే మొదలు. గుర్రం తల వంచి అమ్మ కొంగు వాసన చూసింది. అమ్మ ముందు జంకి, తర్వాత మెల్లగా దాని నుదుటి మచ్చ మీద అరచెయ్యి పెట్టింది.

"ఏటే, నా కూతురి మాటలన్నీ నువ్వే దాసుకున్నావంట? కొన్ని నాకూ ఇయ్యి."

చెల్లి పక్కకి తిరిగి కొబ్బరి చెట్టు వైపు చూస్తూ నిలబడిపోయింది. అమ్మ గుర్రంతో మాట్లాడుతూనే ఉంది, దాని వయసెంత, పళ్లున్నాయా, మోకాళ్లు నొప్పులా అని. కాసేపటికి గుర్రం తరఫున చెల్లి జవాబులు చెప్పడం మొదలుపెట్టింది, తెలుగులో. "పళ్లు అరిగిపోనాయి. మెత్తటి గడ్డే తింతాది. కాలు నొప్పి సలవలో ఉంటాది, ఎండలో ఉండదు." ఒకటి రెండు చోట్ల మాట తడబడింది. అమ్మ దిద్దలేదు. నేను నవ్వలేదు.

పని పూర్తయిన రోజు కొబ్బరితోటలో గుర్రాన్ని ఎక్కించాక, అమ్మని ట్రెయిలర్ ఎక్కించడానికి మా ఆవిడా నేనూ చెరో చెయ్యీ పట్టుకున్నాం. కొత్త మంచం మీద ఇంకా పరుపు వెయ్యలేదు. వద్దంటున్నా వినకుండా అమ్మ ఆ ఉత్త చెక్క మీదే వెల్లకిలా పడుకుంది. కాళ్లు బారచాపి, చేతులు రెండువైపులా చెక్క మీద పెట్టి, కళ్లు మూసుకుంది. మధ్య గోడ అవతల గుర్రం గడ్డి నములుతున్న చప్పుడు బద్దల సందుల్లోంచి తిన్నగా వినిపిస్తోంది. అమ్మ నిజంగానే నిద్రపోయింది. కాసేపు గురక కూడా పెట్టింది.

లేచాక చెల్లితో అంది, "ఎక్కడికి మొదట ఎల్లేది?"

"కువాంతన్ పక్కన, సముద్రం కాడ ఒక బడి."

"నానూ వొస్తాను."

నేను అడ్డుపడ్డాను. దూరం, మోకాళ్లు, బాత్రూము, తిండి, అన్నీ ఏకరువు పెట్టాను. అమ్మ నా మాటలన్నీ విని, ఊరగాయ జాడీ ఎక్కడుందని మా ఆవిణ్ణి అడిగింది. చెల్లి కింద సొరుగులో అమ్మ చీరలకి జాగా చేసింది. మంచం అమ్మకిచ్చి, తను కింద పరుపు పరుచుకుంటానంది.

వెళ్లారు. ఆ బడిలో ఒక ఆడపిల్ల ఉందట. ఎవరితోనూ మాట్లాడదు, ఎవర్నీ ముట్టుకోనివ్వదు. చాలాసేపు దూరంగా నిలబడి చూసి, చివరికి వచ్చి గుర్రం పొట్టకి చెవి ఆనించి అలాగే ఉండిపోయిందట. గుర్రం కదల్లేదు. ఆ పిల్ల పక్కన అమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని, తెలుగులో ఏవేవో కబుర్లు చెబుతూనే ఉందట. ఆ పిల్లకి తెలుగు తెలియదు. "తెలీకపోతే ఏటి, వింతాది కదా," అంది అమ్మ ఫోన్లో. వెనక నుంచి చెల్లి నవ్వు వినిపించింది, దాని వెనక సముద్రమో గాలో తెలియని హోరు.

ఆ తర్వాత అమ్మ ఇంటి పట్టున ఉండడం తగ్గిపోయింది. నెలలో ఎక్కువ రోజులు ఆ బండిలోనే. గుర్రం రెండు బద్దల్ని అంచుల్లో కొరికేసింది. మార్చి కొత్తవి వేస్తానంటే చెల్లి ఒప్పుకోలేదు, అమ్మే గరుకు కాగితంతో మళ్లీ నున్నగా రుద్దుకుంది. తలుపు కీలు ఒకటి వదులైతే బిగించాను. మంచం ఇంకా కిర్రుమనలేదు. ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. కూర ఎక్కువ వండేసి, ఎదురింటివాళ్లకి ఇచ్చి వస్తోంది మా ఆవిడ.

నిన్న సాయంత్రం ఇపో అనే ఊరి దగ్గర్నుంచి ఫోన్ చేశారు. ఆదివారం వచ్చేస్తారా అని అడిగాను. అమ్మ జవాబు చెప్పేలోపు ఫోన్ చెల్లి లాక్కుంది.

"లేదు అన్నియ్యా, ఇంకో బడోల్లు పిలిసినారు. వొచ్చే వారానికి వొస్తాము. నువ్వేటి తిన్నావు?"

తిన్నవన్నీ చెప్పాను. తెలుగులోనే చాలాసేపు మాట్లాడుకున్నాం.